అక్క ఇంట్లో మా కాపురం

ఎర్రగుంట్లలో నాపబండలు కోసే మిషన్లు ఉండే వైపు, రైలు పట్టాలకు ఆవల మా వీధి ఉంది. ఆ వీధి చివర ఒకే నడిమి గోడకు ఆనుకొని రెండు ఇండ్లు. ఒకటి మాది, ఇంకొకటి అక్క వాళ్లది. అక్క నా తోడబుట్టింది కాదు. వాళ్లు ముద్దనూరు వైపు పల్లెలో సేద్యం చేసుకునే రెడ్లు. మేము చర్చి వాళ్లం, మా నాయన సంఘంలో ఉపదేశిగా పని చేసినవాడు. బోర్లు ఎండిపోయి, ఉన్న చేను అమ్ముకుని అక్క మొగుడు ఎర్రగుంట్లకు వచ్చినప్పుడు, మా ఆయన ఒక పాలిష్ మిషన్ దగ్గర పనిలో ఉన్నాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఆయన్ను నేను బావ అని పిలిచేదాన్ని, కాబట్టి ఆమె నాకు అక్క అయింది.

స్థలం పక్కపక్కనే తీసుకున్నారు. నడుమ రెండు గోడలెందుకు, ఒకటి చాలదా అన్నాడు బావ. అట్లా ఒక్క గోడతో కట్టుకున్నాం. మా వంటిల్లు ఆ గోడకు ఇటువైపు, వాళ్ల వంటిల్లు అటువైపు. నేను రోట్లో ఊరుబిండి పచ్చడి నూరుతుంటే ఆ చప్పుడు విని అక్క గిన్నె పట్టుకుని వచ్చేది. మా ఆయన రెండు ఇండ్లకూ నేల తన చేతులతోనే పరిచాడు. మిషన్ దగ్గర అంచులు విరిగి మిగిలిపోయిన నల్ల బండలను ఏరుకొచ్చి, కోసి, జత చేసి పరిచాడు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ నేల మీద చాప కూడా లేకుండా పడుకునేవాళ్లం.

అక్కకు ఒక కూతురు. ఆ తర్వాత శానా ఏండ్లకు ఒక మగబిడ్డ పుట్టాడు. వాళ్ల ఇంటి వెనక చిన్న గది ఉండేది, అక్కడ పైకప్పు బండలకు వేసిన ఇనుప కొక్కేనికి అక్క పాతచీరతో ఉయ్యాల కట్టింది. ఆ బిడ్డకు ఏడాది నిండలేదు. జ్వరం వచ్చింది, కడపకు తీసుకుపోయారు, తగ్గిందని తీసుకొచ్చారు, ఆ గదిలోనే పోయాడు. ఆ పొద్దు అక్క పక్కన నేనున్నాను. ఆమె ఏడవలేదు. ఉయ్యాల విప్పి, చీర మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది. తర్వాత ఆ గదిలో ఏ సామానూ పెట్టలేదు. మధ్యాహ్నం పని అయిపోయాక పోయి కాసేపు అక్కడ పడుకునేది. మేమెవరం పిలిచేవాళ్లం కాదు.

ఆ దుఃఖం నుంచి బావను తేల్చడానికే అనుకుంటాను, సొంతంగా మిషన్ పెడదామని మా ఆయన అన్నాడు. ఇద్దరూ కలిసి పెట్టారు. రెండు ఇండ్లూ బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చారు. మొదట్లో బాగానే జరిగింది. బావ క్వారీల్లో రాయి చూసుకునేవాడు, మా ఆయన మిషన్ చూసుకునేవాడు. ఇద్దరూ తెల్లటి రాతిపిండితో తల నుంచి కాళ్ల దాకా నిండి ఇంటికి వస్తే ఎవరు ఎవరో గుర్తుపట్టలేక నా కూతురు నవ్వేది. తర్వాత జనం ఇండ్లకు టైల్స్ వేయించడం మొదలుపెట్టారు. ఊళ్లలో చిన్న చిన్న ఇండ్ల వాళ్లు కూడా బండలు వద్దన్నారు. కోసిన బండలు మిషన్ ముందు వరసలు వరసలుగా నిలబడిపోయాయి. కరెంటు బిల్లు మాత్రం ఆగేది కాదు. మా వీధిలో మాలాగే ఇంకా శానా మంది మునిగారు.

బ్యాంకు వాళ్లు ఒక పొద్దున వచ్చారు. ముందే చెప్పి ఉన్నారు కాబట్టి సామాను బయట పెట్టుకున్నాం. మా ఇంటికి తాళం వేసి అక్క ఇంటికి పోయేసరికి, ఆమె లోపల నేల కడుగుతోంది. తాళం పట్టుకున్న మనిషి గడప దగ్గర నిలబడి, "అమ్మా, ఇంగ కడిగి ఏం జేస్తావ్?" అన్నాడు, కోపంగా కాదు. అక్క ముందు గది, వంటిల్లు, వెనక గది కడిగి, బకెట్ బోర్లించి, చీర కుచ్చిళ్లు దులుపుకొని బయటికి వచ్చింది. ఆ మనిషి నేల ఆరేదాకా చెప్పులు విడిచి గడపలోనే నిలబడ్డాడు. తర్వాత తాళం వేసి, గోడ మీద ఎర్ర రంగుతో బ్యాంకు పేరు రాయించాడు.

అక్క వాళ్లు తుమ్మలపల్లె దగ్గర ఒక పల్లెకు పోయారు. అక్కడ బావకు లారీల దగ్గర కూలి పని దొరికింది. మేము కర్నూలు జిల్లాకు, బేతంచెర్లకు పోయాం. అక్కడా బండల పనే. ఒక మిషన్ యజమాని తన షెడ్డు పక్కన రేకుల గది ఇచ్చాడు. నేను బడి పిల్లల యూనిఫారాలు కుట్టేదాన్ని. ఎండ ఎక్కితే ఆ గదిలో కుట్టుమిషన్ చక్రం కాగి చేతికి చురుక్కుమనేది. ఒకసారి బండల దొంతర జారి మా ఆయన కాలి మీద పడింది. ఎముక అతుక్కుంది కానీ బరువు ఎత్తే పని ఇక చేయలేకపోయాడు. గంటల తరబడి వాకిట్లో కూర్చుని రోడ్డు మీద పోయే బండ్లను చూసేవాడు.

మధ్యలో బంధువుల పెండ్లికి ఎర్రగుంట్ల పోయినప్పుడు వీధి చూసి వచ్చాను. బ్యాంకు వేలం పెట్టినా ఎవరూ కొనలేదట. ఎవరు కొంటారు ఆ వీధిలో? తలుపులు, కిటికీ చువ్వలు ఎవరో ఎత్తుకుపోయారు. మిద్దెల మీద గడ్డి మొలిచింది. ఇంకా మిగిలిన వాళ్లు సాయంత్రం అయితే పిల్లలను ఆ వైపు పోనిచ్చేవాళ్లు కాదు, పాములున్నాయని. మా ఇంటి ముందు గదిలో మేకలు పడుకుని ఉన్నాయి. ఆ సంగతి మా ఆయనకు చెప్పలేదు.

ఆ తర్వాత ఒకనాడు మా పాత సంఘం పాస్టరు అయ్యగారు ఫోన్ చేశారు. ప్రభుత్వం మునిసిపాలిటీకి నిధులు ఇచ్చిందట. మా వీధి లాంటి చోట్ల బ్యాంకుల చేతిలో పడి ఉన్న ఇండ్లను మునిసిపాలిటీ తీసుకుని, బాగు చేసి, ఇల్లు లేని వాళ్లకు తక్కువ బాడుగకు ఇస్తుందట. అక్కడ ఇల్లు పోగొట్టుకున్న వాళ్లకు ముందుగా అవకాశం అన్నారట. మా ఆయన ఫోన్ నా చేతిలోంచి లాక్కుని ఆ మాటే మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. ఆ పూట అన్నం సరిగ్గా తిన్నాడు.

బావకు కూడా చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "నా ఇంటికి నేను బాడుగ కట్టాల్నామ్మా? నాతో కాదు," అన్నాడు. అక్క ఫోన్‌లోకి రాలేదు.

మునిసిపాలిటీ ఆఫీసులో చీట్లు తీసి ఇండ్లు ఇచ్చారు. ఎవరి ఇల్లు వాళ్లకే ఇవ్వకూడదా అని మా ఆయన అడిగాడు. పని చూసుకునే ఇంజనీరమ్మ వయసులో చిన్నది, ఓపికగా చెప్పింది. పాత ఇల్లు పాతవాళ్లకే ఇస్తే మిగిలిన పేదలకు అన్యాయం అంటారని, అందరికీ ఒకటే పద్ధతని చెప్పింది. ఆమె చెప్పింది న్యాయమే. మా పేరు పిలిచారు. చీటీ తెరిచారు. మాకు వచ్చింది అక్క ఇల్లు.

మా ఇల్లు సిమెంటు లారీ నడిపే ఒకతనికి, అతని భార్యకు వచ్చింది. వాళ్లు ఎన్నో ఏండ్లుగా పట్టాల పక్క గుడిసెలో ఉన్న వాళ్లు. ఆ అమ్మాయి చీటీ పట్టుకుని ఏడ్చేసింది. ఇండ్లు మార్చుకుందామా అని అడగాలని మా ఆయన రెండడుగులు వేశాడు కానీ, ఆమె ముఖం చూసి వెనక్కి తిరిగాడు.

తాళంచేతులు ఇచ్చే లోపల ఇల్లు ఒకసారి చూసి రమ్మన్నారు. పోయి చూశాం. బయట గోడలకు లేతాకుపచ్చ రంగు, కొత్త తలుపులు, కొత్త కరెంటు తీగలు. మా ఆయన లోపలికి పోయి నేల మీద కూర్చున్నాడు. నల్ల బండలు లేవు. పగిలిపోయి, కుంగిపోయి ఉన్నాయని తీసేసి తెల్లటి టైల్స్ వేశారు. ఆయన అరచేతితో ఆ టైల్స్‌ను కాసేపు నిమిరి, "నున్నగానే ఉండాయి," అని లేచాడు.

నేను వెనక్కి పోయాను. వెనక గది లేదు. పైకప్పు బండలు పడిపోయి ప్రమాదంగా ఉంటే మొత్తం పడగొట్టి, ఆ చోట బాత్రూమ్, మరుగుదొడ్డి కట్టారు. ముందు ఈ ఇండ్లకు అవి లేవు, వీధి చివర తుమ్మచెట్ల వెనక్కి పోయేవాళ్లం. ఇది కావాలని మేమే ఎన్నిసార్లు అనుకున్నామో. ఆ చోట కాకుండా వేరే చోటు కూడా లేదు. అయినా నేను ఆ తలుపు తీయకుండానే వెనక్కి తిరిగాను.

అక్కను అడగకుండా ఆ ఇంట్లో దిగలేననిపించింది. మా ఆయన కూడా పొమ్మన్నాడు. బస్సు ఎక్కి, పులివెందులలో దిగి, ఆటోలో ఆ పల్లెకు పోయాను. అక్క ఒక చిన్న పెంకుటింటి వసారాలో శెనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్లీ కూర్చుంది. జుట్టు సగం తెల్లబడింది. బావ పనికి పోయాడు. నేనూ పక్కన కూర్చుని చేట దగ్గరికి లాక్కుని ఒలవడం మొదలుపెట్టాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నా కూతురి నర్సు చదువు గురించి, మా ఆయన కాలు గురించి చెప్పాను. తన కూతురు ఆత్మకూరులో కాపురం బాగా చేసుకుంటోందని ఆమె చెప్పింది. చివరికి చీట్లలో ఏం జరిగిందో చెప్పాను.

అక్క ఒలవడం ఆపకుండానే, "నా ఇల్లేనా?" అంది.

"నీ ఇల్లేక్కా. నువ్వు వద్దంటే నేను పోను. బేతంచెర్లలోనే ఉంటాం."

"నువ్వు పోకపోతే ఇంగెవురో పోతారు. పో అమ్మీ. దీపం పెట్టే మనిషి ఉండాల గదా." అని చేటలో గింజలు ఒక పక్కకు తోసింది. తర్వాత తలెత్తకుండా అడిగింది. "ఎనక గది ఎట్లుండాది?"

దారి పొడవునా ఈ ప్రశ్న కోసమే భయపడ్డాను. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆమె ముందు కూర్చున్నాక నోట అబద్ధం రాలేదు.

"లేదక్కా. పడగొట్టినారు. ఆడ బాత్రూమ్ కట్టినారు."

అక్క చేతిలో ఉన్న కాయ ఒలవకుండా అట్లాగే పట్టుకుంది. ఎదురింటి వాళ్ల కోళ్లు వసారా దాకా వచ్చి గింజలు ఏరుకుంటున్నా తోలలేదు. నేను ఆమె భుజం మీద చేయి వేశాను. అక్క లేచి లోపలికి పోయి సంగటి, పప్పు పెట్టుకొచ్చి, "తిను, బస్సు టైమ్ అయితాది," అంది. తను తినలేదు. నేను తిన్నంతసేపూ విసనకర్ర విసురుతూ కూర్చుంది.

కొత్త ఇంట్లో దిగిన రోజు అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. అక్క వాళ్లను పిలిచాను, రాలేదు. ఆ ఇంట్లో అలవాటు పడటానికి నాకు శానా కాలం పట్టింది. నడిమి గోడకు అటు ఇటు కట్టినవి కావడంతో మా ఇంట్లో కుడి పక్క ఉన్నదంతా ఇక్కడ ఎడమ పక్కన. చీకటి పడితే లైటు వేయబోయి ఉత్త గోడను తడిమేదాన్ని. సంత నుంచి సంచులు మోసుకొస్తూ, ఏదో ఆలోచనలో, నేరుగా లారీ అతని ఇంటి గడప ఎక్కేసేదాన్ని. ఆ అమ్మాయి నవ్వి, "మీది పక్కిల్లు అత్తా," అనేది. అది మా ఇల్లేనని ఆమెకు చెప్పలేదు మేము.

ఆమె మంచిదే. కూర వండితే గిన్నెలో పెట్టి తెచ్చేది. కానీ నా పాత మిద్దె మీద వాళ్ల బట్టలు ఆరేసి ఉంటే చూడలేక కొన్నాళ్లు వెనక వాకిలి తీయలేదు. మా ఆయన మాత్రం రోజూ సాయంత్రం కుర్చీ వీధిలో వేసుకుని, ఆ ఇంటి వైపే ముఖం పెట్టి కూర్చునేవాడు. ఆ లారీ డ్రైవరు పని నుంచి వచ్చి, ఏమప్పా బాగున్నావా అని పలకరించి లోపలికి పోయేవాడు.

వీధి మళ్లీ వీధిలా అయింది. దీపాలు వచ్చాయి, కాలువ వచ్చింది, పిల్లలు ఆడుకోవడం మొదలైంది. మునిసిపాలిటీ వాళ్లను తప్పు పట్టడానికి ఏమీ లేదు. అంతా బాగైంది. బాగైన కొద్దీ పాత వీధి మాకు తప్ప ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

అక్క వచ్చింది బావ పోయాక. ఒక పొద్దున ఆయన నిద్ర లేవలేదు. మేము మట్టికి పోయి వచ్చాం. మా ఆయన గుంట దగ్గర నిలబడలేక వేపచెట్టు పట్టుకుని నిలుచున్నాడు, మిషన్ పెడదామన్న మాట నేనే అంటినే అని ఒకసారి అన్నాడు, అంతే. కర్మలన్నీ అయ్యాక కూతురు అక్కను ఆత్మకూరుకు తీసుకుపోతూ, దారిలో మా ఇంట్లో ఆగింది. ఒక పూట ఉండి పోతామన్నారు.

అక్క గడప దగ్గర ఆగింది. చెప్పులు విడిచి, లోపలికి తొంగి చూసి, పరాయి ఇంటికి వచ్చిన దానిలా, "రావచ్చునా?" అంది. నేను చేయి పట్టుకుని లోపలికి తెచ్చాను. ముందు గదిలో కూర్చుని టీ తాగింది. గోడలు చూసింది, టైల్స్ చూసింది. కూతురు ఫోన్ మాట్లాడుతూ వీధిలోకి పోయింది. అప్పుడు అక్క లేచి, ముఖం కడుక్కుంటానంది.

బాత్రూమ్ చూపించబోయాను. వద్దని చేత్తో చెప్పి తనే పోయింది. తలుపు వేసుకుంది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. బకెట్ నిండింది, పొర్లింది, ఇంకా పొర్లుతూనే ఉంది. నీళ్ల చప్పుడు మధ్యలో ఇంకో చప్పుడు. బిడ్డ పోయిన నాడు రాని ఏడుపు అది. బావ శవం దగ్గర కూడా ఆమె అట్లా ఏడవలేదు. నేను వంటింట్లో నడిమి గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుండిపోయాను. మా ఆయన వాకిట్లోంచి లేచి లోపలికి వచ్చి, విని, మళ్లీ బయటికి పోయి, అక్క కూతుర్ని టీ అంగడి దాకా తోడు రమ్మని తీసుకుపోయాడు.

అక్క బయటికి వచ్చేసరికి చీర సగం తడిసిపోయి ఉంది. నా చీర ఇచ్చాను. జుట్టు తుడిచాను. "నీళ్లు బాగా వస్తాండాయే," అంది.

"వస్తాండాయక్కా. పొద్దునా మాపునా వస్తాయి."

"అట్లయితే మంచిదే," అంది. ఆ మధ్యాహ్నం ముందు గదిలో ఉత్త నేల మీద ఇద్దరం పడుకున్నాం. ఆమె నిద్రపోయింది. నాకు నిద్ర రాలేదు.

అప్పటి నుంచి ఆత్మకూరు నుంచి అప్పుడప్పుడు వస్తుంది. రాగానే కాళ్లు కడుక్కుని నేరుగా వెనక్కే పోతుంది. ఒక్కోసారి ఏడుస్తుంది, ఒక్కోసారి ఉత్తగా ముఖం కడుక్కుని వస్తుంది. నాకోసం కందిపప్పు తెస్తుంది.

ఈ మధ్య లారీ అతనికి అనంతపురం వైపు ఫ్యాక్టరీలో పని కుదిరింది. వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తున్నారని తెలిసి మా ఆయన ఆఫీసుకు పోయి అడిగొచ్చాడు. మార్చి ఇవ్వడానికి వీలవుతుందన్నారట. ఇంటికి వచ్చినప్పుడు ఆయన ముఖంలో ఆ వెలుగు శానా ఏండ్ల తర్వాత చూశాను. ముందు అక్కకు ఫోన్ చేశాను, మేము అటు మారితే నువ్వు వచ్చి ఈ ఇంట్లో ఉంటావా, ఆఫీసులో నేను అడుగుతాను అని. "నాకింగ ఇల్లు వద్దు అమ్మీ. బిడ్డ దగ్గర బాగానే ఉండా," అంది.

ఖాళీ అయిన ఇంటిని చూడటానికి ఇద్దరం పోయాం. అన్ని ఏండ్ల తర్వాత లోపల అడుగుపెట్టాను. కుట్టుమిషన్ పెట్టుకునే కిటికీ ఉంది. నా కూతురు పాకిన గది ఉంది. కుడి పక్క ఉండాల్సినవన్నీ కుడి పక్కనే ఉన్నాయి. మా ఆయన గది గదికీ తిరుగుతున్నాడు. నేను నడిమి గోడ దగ్గర నిలబడి, ఆ వైపు ఇంకెవరో కొత్తవాళ్లు ఉంటే అక్క ఎవరి తలుపు తడుతుంది అనుకున్నాను.

"నేను రాను," అన్నాను.

ఆయన తిరిగి చూశాడు. "మనిల్లు మే ఇది."

"ఇదీ బాడుగిల్లే, అదీ బాడుగిల్లే. మనం ఈడికి వస్తే ఆ ఇల్లు ఇంగొకరికి ఇస్తారు. అక్క వస్తే తలుపు తీసేదెవురు?"

ఆయన కుంటుకుంటూ బయటికి పోయాడు. చర్చి వైపు పోయి సాయంత్రం దాకా రాలేదు. నాతో రెండు మూడు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. నేను అడిగింది పెద్దదే అని నాకు తెలుసు. మరొకరి దుఃఖం కోసం తన ఇల్లు రెండోసారి వదులుకొమ్మన్నాను. తర్వాత తనే ఆఫీసుకు పోయి మాకు మార్పు వద్దని చెప్పొచ్చాడట. ఆ సంగతి నాకు ఇంజనీరమ్మ చెప్పింది, ఆయన చెప్పలేదు.

పోయిన వారం ఆ ఇంట్లోకి కొత్తవాళ్లు దిగారు. హోటల్లో వంట చేసే ఒకామె, ఆమె తల్లి. సామాను దింపుతుంటే మా ఆయన పోయి ఒక చేయి వేశాడు. వాళ్లు ముసలామె మంచం ముందు గదిలో పడమటి గోడకు ఆనించబోయారు.

"ఆడ వద్దమ్మా," అన్నాడు ఆయన. "ఆ గోడ సాయంత్రం దాకా కాగుతాది. పెద్దామె పండుకోలేదు. ఈ పక్కకేయండి."

కూతురు మంచం ఇటు జరిపి, నీకెట్ల తెలుసన్నా అని అడిగింది.

ఆయన మిగిలిన మూట ఒకటి లోపల పెట్టి, నెమ్మదిగా గడప దిగి ఇటు వచ్చేశాడు.